అనాఫరా పేరు తెలుసు, అయినా మార్కు రాలేదు: ఇంగ్లిష్ పరీక్షకు అలంకారాలు, పెద్ద మాటలు నేర్చుకునే పద్ధతి

రెటోరికల్ టర్మ్స్ పట్టిక, అంటే ఇంగ్లిష్ అలంకారాల పేర్ల జాబితా, మొదటిసారి చేతికొచ్చినప్పుడు నేనూ అందరూ చేసే పనే చేశాను. పై నుంచి కిందికి వరసగా బట్టీ. అలిటరేషన్, అల్యూజన్, అనడిప్లోసిస్, అనాఫరా (వాక్యాల మొదట ఒకే మాట మళ్ళీ మళ్ళీ రావడం), యాంటిథెసిస్... ఒక్క 'ఏ' అక్షరం దాటడానికే వారం పట్టింది. 'సి' దగ్గరికి వచ్చేసరికి 'ఏ' మొత్తం ఆవిరి. మాదిరి పరీక్షలో ఒక ప్రసంగం ఇచ్చి విశ్లేషించమన్నారు. "ఇందులో అనాఫరా ఉంది, అలిటరేషన్ ఉంది, హైపర్బొలీ కూడా ఉంది" అని సరుకుల చీటీలా రాసిచ్చాను. దిద్దినాయన పక్కన ఎర్ర ఇంకుతో ఒక్కటే మాట రాశారు: "అయితే?"

నేను కింద చెప్పే పద్ధతంతా ఆ "అయితే?"కి జవాబు వెతుక్కుంటూ కుదిరిందే. ఎనిమిది వారాలు చేతిలో ఉంటే హాయిగా నడుస్తుంది. నాలుగే ఉంటే అలంకారాల భాగం అలాగే ఉంచి, మాటల సంఖ్య సగానికి తగ్గించుకోండి.

1. పరీక్ష మిమ్మల్ని ఏం చేయమంటోందో ముందు తేల్చుకోండి

పుస్తకం తెరవకముందే చేయాల్సిన పని ఇది. ఇంగ్లిష్ పరీక్షలన్నీ ఒక్క తానులో ముక్కలు కావు.

జీఆర్‌ఈ వెర్బల్ సంగతి చూడండి. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించాక 41 నిమిషాల్లో 27 ప్రశ్నలు. అక్కడ మాట కనబడగానే దాని అర్థం, ఛాయ తట్టాలి. ఆ విభాగంలో మీరు సొంతంగా వాక్యం రాసేది లేదు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ మార్కులు వేసే నాలుగు కొలతల్లో పదసంపద ఒకటి, అంటే పావు వంతు. మీకు ఎన్ని మాటలు తెలుసన్నది ఎవరూ అడగరు, ఏ మాటను ఏ మాట పక్కన పొందికగా కూర్చోబెట్టారన్నదే చూస్తారు. అమెరికా హైస్కూలు పిల్లలు రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లిష్ లాంగ్వేజ్ పరీక్షలో గంటసేపట్లో ఆప్షన్లున్న ప్రశ్నలు 45, ఆ తర్వాత మూడు వ్యాసాలు. వాటిలో ఒకటి అచ్చంగా రెటోరికల్ అనాలిసిస్, అంటే ఇచ్చిన రచన చదివేవాళ్ళను ఎలా ఒప్పిస్తోందో విడమరచడం. వ్యాసానికి 6 పాయింట్లుంటే అందులో 4 మీరు చూపే ఆధారాలకు, వాటి మీద చేసే వ్యాఖ్యకు. అలంకారం పేరు చెప్పినందుకు విడిగా పాయింటేమీ లేదు.

కాబట్టి పాత ప్రశ్నపత్రం ఒకటి ముందేసుకోండి. ప్రతి ప్రశ్న పక్కన పెన్సిల్‌తో మూడు మాటల్లో ఒకటి రాయండి: గుర్తుపట్టాలి, వివరించాలి, వాడాలి. అరగంట పని. ఏది ఎక్కువసార్లు వచ్చిందో మీ సమయం ముఖ్యంగా దానికి పోవాలి. గుర్తుపట్టమనే పరీక్షకు వ్యాసాలు రాస్తూ కూర్చున్నవాళ్ళనూ చూశాను, వ్యాసం రాయమనే పరీక్షకు మూడు వేల మాటల జాబితా మింగినవాళ్ళనూ చూశాను. కష్టంలో ఇద్దరికీ లోటు లేదు, దారే తప్పు.

2. అలంకారాల పట్టికను రెండు సొరుగుల్లో సర్దండి

అక్షరక్రమం నిఘంటువుకు పనికొస్తుంది, జ్ఞాపకానికి పనికిరాదు. ఇంగ్లిష్ వాళ్ళు అలంకారాలను స్కీములు, ట్రోపులు అని రెండుగా విడదీస్తారు. మాటల అమరికలో చేసే గమ్మత్తు స్కీమ్. మాట అర్థాన్ని పక్కకు తిప్పడం ట్రోప్. తెలుగు వ్యాకరణం చదివినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. శబ్దాలంకారాలు, అర్థాలంకారాలు అనే రెండు సొరుగులు మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. అచ్చు గుద్దినట్టు ఒకటే కావు. మన శబ్దాలంకారాలు ఎక్కువగా ధ్వనిని పట్టుకుంటే, స్కీముల్లో వాక్యనిర్మాణం పాలు ఎక్కువ. కానీ సర్దుకోవడానికి ఆ పోలిక చాలు.

మొదటి సొరుగులో పెట్టాల్సినవి: అలిటరేషన్ (మాటల మొదట ఒకే ధ్వని), అనాఫరా, ఎపిస్ట్రఫీ, అనడిప్లోసిస్, యాంటిథెసిస్, యాంటిమెటబొలీ, ప్యారలలిజం (ఒకే తీరు వాక్యనిర్మాణం), అసిండెటన్, పాలిసిండెటన్. రెండో దానిలో: సిమిలీ (ఉపమ), మెటఫర్ (రూపకం), పర్సానిఫికేషన్ (మనిషి కానిదాన్ని మనిషిలా చెప్పడం), మెటానమీ, సినెక్డకీ, హైపర్బొలీ, లైటోటీజ్, ఐరనీ, ప్యారడాక్స్, ఆక్సిమోరాన్, యూఫెమిజం (కటువైనదాన్ని మెత్తగా చెప్పడం), జూగ్మా, పన్ (శ్లేష), అపాస్ట్రఫీ, రెటోరికల్ క్వశ్చన్ (జవాబు ఆశించని ప్రశ్న). లెక్కపెడితే పాతిక దాటవు. నూటపాతిక పేర్ల జాబితాలు తిరుగుతుంటాయి, వాటిని చూసి గాభరా పడకండి. ఈ పాతికా గట్టిగా చేతిలో ఉన్నవాడికి మిగిలిన వంద పేరు తెలియకపోయినా పెద్ద నష్టం లేదు.

ఎథోస్, పాథోస్, లోగోస్ అనేవి ఈ సొరుగుల్లో పడవు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ చెప్పిన మూడు ఒప్పించే దారులు అవి: చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, మాటలోని తర్కం. వాటిని విడిగా ఒక కాగితం మీద రాసుకోండి. "రచయిత పాథోస్ వాడాడు" అని మాత్రం ఎప్పుడూ రాయకండి. ఏ భావం? భయమా, జాలా, అవమానమా, గర్వమా? ఆ పేరు చెప్పండి.

3. ప్రతి అలంకారాన్నీ ముందు మీ నోట్లోనే వెతకండి

నాకు బాగా పనికొచ్చింది ఈ మెట్టు. నిర్వచనం చదివాక ఇంగ్లిష్ ఉదాహరణ కోసం పరిగెత్తకండి. ఆ గమ్మత్తును మీరు రోజూ తెలుగులో ఎక్కడ చేస్తున్నారో చూడండి. దాదాపు అన్నీ దొరుకుతాయి.

లైటోటీజ్ అంటే కాదనడం ద్వారా గట్టిగా ఔననడం. పుస్తకంలో చదివితే అంతుపట్టదు. "వాడు సామాన్యుడు కాదు" అన్నామంటే వాడు ఘటికుడని అర్థం, అంతే లైటోటీజ్. "నువ్వేం తక్కువ తిన్లేదు" అన్నా అదే. సినెక్డకీకి "తినే నోళ్ళు ఎక్కువ, సంపాదించే చేతులు తక్కువ" చాలు. మనిషిని నోరుగా, చెయ్యిగా కుదించేశాం, భాగంతో మొత్తాన్ని చెప్పేశాం. అదే వాక్యంలో ఎక్కువ, తక్కువ ఎదురెదురుగా నిలబడ్డాయి కనక యాంటిథెసిస్ కూడా వచ్చింది. "కుర్చీ కోసం కొట్టుకుంటున్నారు" అంటే మెటానమీ. కుర్చీ పదవిలో భాగం కాదు, దానితో ముడిపడ్డ వస్తువు. "బహిరంగ రహస్యం" ఆక్సిమోరాన్. "తొందరపడితే ఆలస్యమవుతుంది" ప్యారడాక్స్. "వెయ్యి కళ్ళతో ఎదురుచూస్తున్నా" హైపర్బొలీ, మన అతిశయోక్తి. "పైన పటారం, లోన లొటారం"లో యాంటిథెసిస్‌కు ప్రాస తోడైంది. "ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే" ఎపిస్ట్రఫీ, ఖండాల చివర ఒకే మాట.

అనడిప్లోసిస్ పేరు వింటే రోగం పేరులా ఉంటుంది. తెలుగు అలంకారాలు పరిచయమున్నవాళ్ళు దాన్ని ముక్తపదగ్రస్తం అంటారు. విడిచిన మాటనే మళ్ళీ అందుకోవడం. "పుస్తకం తెరిస్తే నిద్ర, నిద్రలో పరీక్ష కల, కలలోనూ అదే పుస్తకం." మీకొకటి కట్టుకోండి, ఇక మరిచిపోరు.

జూగ్మా అంటే ఒకే క్రియ రెండు పొంతన లేని వస్తువులను మోయడం. "చెప్పులూ సిగ్గూ గుమ్మం బయటే వదిలి లోపలికొచ్చాడు." ఆ పేరు వెనక ఒక ముచ్చట ఉంది. గ్రీకులో జూగ్మా అంటే కాడికి కట్టినట్టు కలిపి కట్టడం. మన 'యుగ్మం', 'యోగం' పుట్టిన ధాతువూ అదే మూలం నుంచి వచ్చింది. అంటే జూగ్మా, యుగ్మం దూరపు చుట్టాలు. ఇది తెలిశాక ఆ పేరును నేను కార్డు మీద రాసుకోవాల్సిన అవసరమే రాలేదు.

ఒక హెచ్చరిక. అన్నీ ఇలా తెలుగులోకి దిగవు. అసిండెటన్ అంటే 'అండ్' ఎగరగొట్టడం, పాలిసిండెటన్ అంటే ప్రతి మాటకూ 'అండ్' తగిలించడం. తెలుగు వాక్యాల మధ్య 'మరియు' పెట్టే అలవాటు మామూలు మాటల్లో లేదు గనక, లేనిదాన్ని తీసేస్తే ఏం తెలుస్తుంది? "వచ్చాను, చూశాను, గెలిచాను" అంటే మనకు మామూలు వాక్యంలాగే వినిపిస్తుంది. ఈ రెంటినీ ఇంగ్లిష్‌లోనే, బయటికి చదివి, చెవితో పట్టుకోవాలి. 'అండ్' లేకపోతే ఊపిరాడని వేగం. ప్రతి మాటకూ 'అండ్' ఉంటే బరువు, అంతులేనితనం, ఒక్కోసారి చిన్నపిల్లల ఆయాసం. ఎపిస్ట్రఫీ కూడా అలాంటిదే. తెలుగులో క్రియ ఎలాగూ చివరే వస్తుంది కాబట్టి వాక్యాలు ఒకేలా ముగియడం మనకు వింతగా తోచదు. ఇంగ్లిష్‌లో మాత్రం వాక్యం చివరి చోటు బరువైన చోటు. అక్కడ ఒకే మాట పడితే మేకు మీద సుత్తి దెబ్బ పడినట్టు వినిపిస్తుంది.

4. తికమక పెట్టే జంటలను పక్కపక్కన కూర్చోబెట్టండి

విడివిడిగా చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటాయి. పరీక్షలో రెండు దగ్గరి పేర్లు ఆప్షన్లుగా కనిపించినప్పుడే కాళ్ళు వణుకుతాయి. అందుకే వీటిని జంటలుగానే నేర్చుకోవాలి.

ఒకే మాట వాక్యాల మొదట మళ్ళీ మళ్ళీ వస్తే అనాఫరా, చివర వస్తే ఎపిస్ట్రఫీ. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ "ఐ హావ్ ఎ డ్రీమ్" అంటూ ఒక్కో వాక్యం మొదలుపెట్టడం అనాఫరా. 1940 జూన్ 4న చర్చిల్ "వీ షల్ ఫైట్" అని వరసపెట్టడమూ అదే.

ఎపిస్ట్రఫీ, అపాస్ట్రఫీ పేర్లలో మాత్రమే కవలలు. అపాస్ట్రఫీ అంటే ఎదుట లేనివాళ్ళను, ప్రాణం లేనివాటిని పిలిచి మాట్లాడడం: "ఓ నిద్రా, పరీక్ష ముందు రాత్రే గుర్తొచ్చానా?" ఇంగ్లిష్‌లో పైన పెట్టే కామా గుర్తుకూ అదే పేరు, దానికీ దీనికీ ముడిపెట్టకండి.

యాంటిథెసిస్‌లో భావాలు ఎదురెదురుగా నిలబడతాయి. యాంటిమెటబొలీలో అవే మాటలు తిరగబడతాయి. 1961 జనవరి 20న కెనడీ తన ప్రమాణ స్వీకార ప్రసంగంలో, దేశం నీకేం చేయగలదని అడగకు, నువ్వు దేశానికేం చేయగలవో అడుగు అన్నాడు. దేశం, నువ్వు అనే రెండు మాటలూ చోట్లు మార్చుకున్నాయి. కయాజ్మస్ అనే పేరునూ దీనికే చాలామంది వాడతారు. తేడా పట్టి చెప్పాలంటే, కయాజ్మస్‌లో అమరిక తిరగబడితే చాలు, మాటలు అవే కానక్కర్లేదు.

ఇక ఐరనీ. వాన వెలిసిన రోజే గొడుగు కొనుక్కోవడం ఐరనీ కాదు, కాకతాళీయం. అగ్నిమాపక కేంద్రం కాలిపోతే అది ఐరనీ, ఎందుకంటే జరిగింది ఉద్దేశానికి సరిగ్గా ఎదురు తిరిగింది. "ఆహా, ఏం తెలివి!" అని దెప్పడం మాటలో ఐరనీ. మన వ్యాజస్తుతిలో ఒక సగం ఇదే, పొగడ్త ముసుగులో తిట్టు.

5. ప్రతి పేరునూ "అయితే?" అని అడగండి

ఈ మెట్టు దగ్గర తొందర వద్దు. మార్కులు ఉన్నది ఇక్కడే.

1863 నవంబరు 19న గెట్టిస్‌బర్గ్‌లో, యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానాన్ని అంకితం చేసే సభలో లింకన్ మాట్లాడాడు. మొత్తం ప్రసంగం సుమారు 270 మాటలు. చివర్లో ప్రభుత్వం గురించి చెబుతూ "ఆఫ్ ది పీపుల్, బై ది పీపుల్, ఫర్ ది పీపుల్" అన్నాడు. దీని మీద రెండు జవాబులు ఊహించండి.

మొదటి జవాబు: "లింకన్ ఎపిస్ట్రఫీ వాడాడు. దానివల్ల ప్రసంగం ఎంతో ఎఫెక్టివ్‌గా ఉంది." ఈ వాక్యాన్ని ప్రపంచంలో ఏ ప్రసంగానికి తగిలించినా సరిపోతుంది. అదే దీని జబ్బు.

రెండోది: "మూడుసార్లు ఖండం 'పీపుల్' దగ్గరే ఆగుతుంది, మారేది ముందున్న చిన్న మాట ఒక్కటే. ప్రభుత్వం ఎవరిది, ఎవరు నడుపుతారు, ఎవరి మేలుకి? మూడు ప్రశ్నలకూ ఒకే జవాబు. సమాధుల ముందు నిలబడ్డవాళ్ళ మనసులో ఉన్న ప్రశ్న, వీళ్ళు దేనికోసం పోయారని. ఆ ప్రశ్నకు లింకన్ ఆ జనాన్నే జవాబుగా చూపిస్తున్నాడు." ఇందులో ఎపిస్ట్రఫీ అన్న పేరు లేదు, చూశారా? కావాలంటే పెట్టుకోవచ్చు. లేకపోయినా ఈ జవాబు బరువు తగ్గదు.

ఒక పని చేసి చూడండి. ఆ మాటలను బయటికి రెండుసార్లు చదవండి, ఒకసారి ఆఫ్, బై, ఫర్ మీద ఊనుతూ, రెండోసారి పీపుల్ మీద ఊనుతూ. అర్థం ఎలా జరుగుతోందో చెవికే తెలుస్తుంది. విశ్లేషణ అక్కడి నుంచి పుడుతుంది, పట్టిక నుంచి కాదు.

రాసేటప్పుడు మూడు ప్రశ్నలకు వరసగా జవాబివ్వండి. రచయిత ఏం చేశాడు? అది విన్నవాళ్ళలో ఏం కదిలింది? ఆ సమయంలో, ఆ జనానికి అదే ఎందుకు కావాల్సి వచ్చింది? మూడోది చాలామంది వదిలేస్తారు. మంచి వ్యాసాన్ని మామూలు వ్యాసం నుంచి విడదీసేది ఆ మూడోదే అని నా అనుభవం.

మీ క్రియలనూ మార్చుకోవాలి. 'షోస్', 'యూజెస్' అనేవి అలిసిపోయిన గుర్రాలు. వాటి బదులు కొందరు పనిమంతులను పెంచుకోండి: అండర్‌స్కోర్ (కింద గీత గీసినట్టు చెప్పడం), అండర్‌కట్ (వేళ్ళు నరకడం), కన్‌సీడ్ (ఎదుటివాడి మాట కొంత ఒప్పుకోవడం), జక్స్టపోజ్ (పక్కపక్కన పెట్టి తేడా చూపడం), ఎవోక్ (మనసులో రేపడం), టెంపర్ (వాడి తగ్గించడం), డిఫ్లెక్ట్ (దారి మళ్ళించడం). ఏ అలంకారం పక్కన ఏది నప్పుతుందో రోజుకొకటి రాసి చూడండి. వారం తిరిగేసరికి చేతికి అలవాటవుతుంది.

6. మాటలకు వద్దాం: పాత చుట్టరికాలను వాడుకోండి

పెద్ద మాటలని హడలెత్తే ముందు చిన్న సంగతి. 2000లో ఎవెరిల్ కాక్స్‌హెడ్ అనే భాషాశాస్త్రవేత్త విద్యావిషయక రచనల్లో తరచూ వచ్చే 570 పదకుటుంబాలతో అకడమిక్ వర్డ్ లిస్ట్ తయారుచేశారు. అరుదైన మాటల వెంట పడకముందు ఆ జాబితాను ఒకసారి తిరగేయండి. పరీక్షల్లో వచ్చే పేరాలు చాలావరకు ఆ మాటలతో కట్టిన గోడలే. అందులో సగం మీకు తెలిసే ఉంటాయి, తెలియనివాటితోనే మొదలుపెట్టండి.

తర్వాత ధాతువులు. తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. మన తత్సమ పదాలు సంస్కృతం నుంచి వచ్చాయి, ఇంగ్లిష్ పెద్ద మాటలు లాటిన్, గ్రీకుల నుంచి వచ్చాయి, ఈ మూడు భాషలదీ ఒకే వంశం. పాదం తెలిస్తే పెడెస్ట్రియన్ తెలుస్తుంది. దంతం నుంచి డెంటల్, అగ్ని నుంచి ఇగ్నైట్, నవ్యం నుంచి నావెల్టీ, ఇన్నొవేట్, మృత్యువు నుంచి మోర్టల్, మోరిబండ్. 'జ్ఞ' పట్టుకుంటే కాగ్నిషన్, అగ్నాస్టిక్. ముందున్న 'అ', 'అన్' కూడా ఇక్కడిదీ అక్కడిదీ ఒకటే: అనామకుడు అనానిమస్. మన 'దుస్', 'దుర్' గ్రీకులో 'డిస్' అయింది: డిస్టోపియా, డిస్ఫంక్షన్.

పుట్టినవి ఒకచోటే అని చెప్పానంతే, ఒకదాని నుంచి ఒకటి వచ్చిందని కాదు. పోలిక కనిపించిన ప్రతి జంటా చుట్టాలూ కారు. డిస్అగ్రీలో ఉన్న 'డిస్' లాటిన్‌ది, దుర్గుణంలోని 'దుర్'తో దానికి సంబంధం లేదు. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒకటి 'వై'తో, ఇంకొకటి 'ఐ'తో రాస్తారు, తేడా అక్కడే పట్టుకోవచ్చు.

చుట్టరికం దొరకని చోట గుంపులుగా చదవండి. ఉదాహరణకు మాట్లాడేవాళ్ళ గుంపు. ఎలొక్వెంట్ అంటే వాక్పటిమ ఉన్నవాడు, పొగడ్త. లొక్వేషియస్ అంటే కబుర్ల పోగు, కాస్త విసుగు. గారులస్ అంటే వదరుబోతు, బాగా విసుగు. గ్లిబ్ అంటే పైపై మాటలతో నెట్టుకొచ్చేవాడు, నమ్మకూడదు. వర్బోస్ మాట్లాడేవాళ్ళకూ రాసేవాళ్ళకూ చెల్లుతుంది, చెప్పినదానికన్నా మాటలెక్కువ. ఇలా ఒక గీత గీసి ఒక చివర మెప్పు, ఇంకో చివర తిట్టు పెట్టి మాటలను మధ్యలో తగిలించండి. తెలుగులో పొదుపరి వేరు, పిసినారి వేరు. ఇంగ్లిష్‌లో ఫ్రూగల్ వేరు, పార్సిమోనియస్ వేరు. నిఘంటువులో అర్థం పక్కపక్కనే ఉన్నా, మనిషి ముఖం మీద అంటే వచ్చే ఫలితాలు వేరు.

7. ఒక కార్డు ఎలా ఉండాలి

"లకోనిక్: క్లుప్తమైన" అని రాసుకుంటే అది కార్డు కాదు, చీటీ. నా కార్డు ఇలా ఉంటుంది. ముందువైపు ఒక వాక్యం, మాట ఉండాల్సిన చోట ఖాళీ: అరగంట నిలదీసినా ఆయన ఇచ్చిన ... జవాబు ఒక్కటే, "చూద్దాం". వాక్యం ఇంగ్లిష్‌లో, నేను సొంతంగా రాసింది. వెనకవైపు మాట, దాని కింద తెలుగులో సరిగ్గా తగిలే ఒక్క మాట: ముక్తసరి. ఆ కింద దాని స్నేహితులు: రిప్లై, స్టైల్, హ్యూమర్. శత్రువులు: వర్బోస్, గారులస్. చివర ఒక కథ ముక్క: లకోనియా అంటే స్పార్టా ఉన్న ప్రాంతం. మీ దేశంలో అడుగుపెడితే నాశనం చేస్తానని మాసిడోనియా రాజు ఫిలిప్ బెదిరిస్తే, స్పార్టా వాళ్ళు "అయితేగియితే" అన్న అర్థంలో "ఇఫ్" అని ఒక్క మాట పంపారని పాతకాలం నుంచి చెప్పుకుంటారు.

ఇంత రాయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అందుకే రోజుకు ఎనిమిది కార్డులు చాలంటాను. నలభై చీటీలకన్నా ఎనిమిది కార్డులు మేలు. స్నేహితుల వరస ముఖ్యంగా వాడే పరీక్షలకు ప్రాణం. 'హెవీ రెయిన్' అంటారు, 'స్ట్రాంగ్ రెయిన్' అనరు. కారణం అడిగితే ఎవరూ చెప్పలేరు, జంట అలా కుదిరిందంతే.

8. వేషం మార్చిన మాటలకు విడిగా ఒక పేజీ

ఒక పెద్దాయన ఉపన్యాసం విని, పొంగిపోయి, మీ మాటలు నన్ను ఎనర్వేట్ చేశాయని ఉత్తరం రాశాను. ఎనర్జీ కనబడింది కదా, ఉత్తేజమనుకున్నాను. ఎనర్వేట్ అంటే సత్తువ పీల్చేయడం. ఆయన మంచివారు, "ఈసారి తక్కువసేపు మాట్లాడతాను" అని జవాబిచ్చారు.

అప్పటి నుంచి ఇలాంటి వాటికి నా నోటుపుస్తకంలో ఒక పేజీ ఉంది. నాయిసమ్‌కు చప్పుడుతో సంబంధం లేదు, కంపు కొట్టేది అని. రెస్టివ్ అంటే విశ్రాంతిగా ఉన్నవాడు కాదు, కుదురు లేనివాడు. డిస్ఇంట్రెస్టెడ్ అంటే ఆసక్తి లేనివాడని కాదు, పక్షపాతం లేనివాడని పరీక్షలో అర్థం. ఇన్‌జెనువస్ అమాయకుడు, ఇన్‌జీనియస్ చతురుడు.

వీటికన్నా గడుసువి మనకు బాగా తెలుసనుకునే చిన్న మాటలు. క్వాలిఫై అంటే అర్హత పొందడమే కాదు, చెప్పిన మాటకు 'కానీ' అంటూ హద్దు పెట్టడం కూడా. అరెస్ట్ అంటే ఆపడం. వాంట్ అంటే లేమి. ముఖం భయాన్ని బెట్రే చేసిందంటే ద్రోహం కాదు, బయటపెట్టేసింది. శాంక్షన్ మరీ ఘోరం, అనుమతికీ అదే మాట, ఆంక్షకూ అదే మాట. జీఆర్‌ఈ లాంటి చోట్ల కష్టమైన మాట కన్నా ఇలాంటి తేలిక మాటే ఎక్కువమందిని బోల్తా కొట్టిస్తుందని నాకనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ చదివి రారు.

9. మరుపు ఎప్పుడొస్తుందో తెలిస్తే దానికన్నా ముందే వెళ్ళండి

హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, ఎంతసేపట్లో ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. తేలిందేమిటంటే, మరుపు మొదట్లో జారుడుబండ, తర్వాత మెల్లటి వాలు. కాబట్టి నేర్చుకున్న మర్నాడే ఒకసారి చూడాలి, ఆపైన ఎడం పెంచుకుంటూ పోవాలి. సెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో దీన్ని డబ్బాల పద్ధతిగా మార్చాడు. నాలుగు డబ్బాలు పెట్టుకోండి: రోజూ చూసేవి, మూడు రోజులకు, వారానికి, పదిహేను రోజులకు. చెప్పగలిగిన కార్డు తర్వాతి డబ్బాలోకి, తప్పింది మళ్ళీ మొదటి డబ్బాలోకి. ఫోనులో కావాలంటే ఆంకీ లాంటి యాప్ ఈ లెక్కంతా తనే చూసుకుంటుంది.

షరతు ఒక్కటే. కార్డు తిప్పే ముందు జవాబు నోటితో బయటికి చెప్పాలి. తిప్పి చూసి "ఆఁ, ఇది తెలుసు" అనుకోవడం మోసం. చూశాక అందరికీ అన్నీ తెలుసు.

అలంకారాలకు డబ్బాలతో పాటు వేట కూడా పెట్టుకోండి. వారానికి ఒక సంపాదకీయమో ప్రసంగమో తీసుకుని ఐదు చోట్ల గీత గీయండి, ఐదింట్లో రెంటికి "అయితే?" రాయండి. అంతకన్నా ఎక్కువ వద్దు, విసుగొస్తే మొత్తం పోతుంది.

10. పరీక్ష గదిలో

ఖాళీలు పూరించే ప్రశ్నల్లో ముందు ఆప్షన్లు చేత్తో మూసేయండి. వాక్యం చదివి ఆ ఖాళీలో మీకు తోచిన మాట తెలుగులోనైనా సరే వేసుకోండి. 'ఆల్దో', 'హెన్స్', 'డిస్పైట్' లాంటి దారి గుర్తులు మీ మాట మెప్పో తిట్టో చెప్పేస్తాయి. అప్పుడు చెయ్యి తీసి దానికి దగ్గరి మాటను ఏరండి. జీఆర్‌ఈ సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు ఆప్షన్ల నుంచి రెండు ఎంచుకోవాలి, ఆ రెండూ వాక్యానికి ఒకే అర్థం ఇవ్వాలి. కనక జంట లేని మాట ఎంత అందంగా అమరినా వదిలేయండి.

వ్యాసంలో కొత్త మాటలు ఉప్పులా పడాలి. పేరాకు ఒకటి, అదీ మీరు ఇంతకుముందు కనీసం మూడుసార్లు సొంత వాక్యంలో వాడినదైతేనే. నిన్న రాత్రి నేర్చుకున్నది ఈ ఉదయం వ్యాసంలోకి రానీయకండి.

అలంకారం కళ్ళ ముందు కనిపిస్తోంది, పేరు మాత్రం నాలుక చివర ఆగిపోయింది. ఇది అందరికీ జరుగుతుంది. పైకప్పు చూస్తూ కూర్చోకండి. "ఖండాల చివర ఒకే మాట పదేపదే వస్తోంది" అని వర్ణించి, దానివల్ల ఏం జరిగిందో రాసుకుంటూ వెళ్ళిపోండి. పేరు మధ్యలో ఎప్పుడో గుర్తొస్తే వెనక్కి వెళ్ళి ఆ వాక్యంలో చిన్నగా ఇరికించండి. రాకపోతే రాకపోయింది, దిద్దేవాళ్ళు వెతికేది మీ మూడో ప్రశ్నకు జవాబు కోసం.